లాంగ్‌బెల్లు యోహాను

కారంపూడి సెంటర్లో బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. కండక్టర్ సువార్త విజిల్ నోట్లో పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే మోగింది.

ఖంగ్... ఖంగ్... ఖంగ్...

ఇనుము మీద ఇనుము. ఆగకుండా మోగుతోంది. సువార్త అటు తల తిప్పింది. విజిల్ వేయలేదు.

"ఏందమ్మా, నిలబడి నిద్రపోతన్నావా?" డ్రైవర్ జయకృష్ణ వెనక్కి తిరిగి అరిచాడు.

ఆమె బస్సు దిగేసింది.

"లాంగ్‌బెల్లు కూతురు ఎటు పోతందిరా?" కిటికీలోంచి ఎవరో అన్నారు. లోపల నవ్వులు. ఆమె వెనక్కి తిరగలేదు. ఆ పేరు ఆమెకు చిన్ననాటి నుంచి అలవాటే.

శబ్దం వచ్చింది నాగూర్ వలి వెల్డింగ్ షెడ్డులోంచి. ట్రాక్టర్ ట్రాలీలు బాగుచేసే షెడ్డు అది. దాని ముందు గొలుసుకు ఒక రైలు పట్టా ముక్క వేలాడుతోంది. నాగూర్ వలి సుత్తి పక్కన పెట్టి చెమట తుడుచుకుంటున్నాడు.

"అన్నా, ఈ ముక్క యాడిది?"

"ఏందమ్మా, రైల్వే పోలీసుల్లో చేరావా?" అతను నవ్వాడు. "మీ ఊరిదే. ఎర్రమెట్టపాలెం క్వారీ మూసేసినప్పుడు పాత ఇనుము కింద మా నాయన కొన్నాడు. ఇన్నేళ్ళూ కింద పడేసి దాని మీదే కడ్డీలు సాపు చేశాం. పనోళ్ళు అన్నానికి పిలిస్తే పలకడంలా. అందుకని నిన్న వేలాడదీశా."

సువార్త ఆ ముక్క చివర చూసింది. కోత నిటారుగా లేదు. ఏటవాలుగా ఉంది. కోసినవాడి చేయి జారినట్టుంది. ఆ ఏటవాలు ఆమెకు తెలుసు. దానికి జోడీ అయిన మరో కోత ఇంకొక చోట ఉంది. చిన్నప్పుడు దాని కింద నిలబడి వేలితో తడిమేది.

"అన్నా, ఆదివారం ఈ ముక్క నాకు కావాలి. ఒక్క పూట."

"నీ బస్సుకు హారన్ లేదా ఏంది?" అన్నాడు నాగూర్ వలి. ఆమె నవ్వకపోవడం చూసి, "సరేలే, తెస్తా," అన్నాడు.

బస్సులో హారన్ మోగుతూనే ఉంది.

*

ఎర్రమెట్టపాలెం రాయి మీద బతికిన ఊరు. ఆ రోజుల్లో ఊరికి హైస్కూలు కావాలంటే ఎవరూ కట్టించలేదు. ఊరే కట్టుకుంది. ఇంటికొక బండెడు నాపరాయి ఇచ్చారు. ఇవ్వలేనివాళ్ళు చాకిరీ ఇచ్చారు. నేల నాపరాయి, గోడలు నాపరాయి, పైకప్పు కూడా ఇనప దూలాల మీద పరిచిన నాపరాయే. ఊరి చివర మెట్ట మీద ఆరు గదులు, ముందు పొడుగాటి వరండా. వరండాలో నిలబడి కిందికి చూస్తే క్వారీ మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది.

మాచర్ల లైనులో పాత మీటరుగేజీ పట్టాలు పీకేసినప్పుడు క్వారీ యజమాని ఒక పట్టా కొనుక్కొచ్చాడు. రెండు ముక్కలు కోయించాడు. ఒకటి క్వారీలో కట్టించాడు. రెండోది స్కూలుకు దానం చేసి, గోడ మీద తన పేరు రాయించుకున్నాడు. ఒకే పట్టా, ఒకే గొంతు. అప్పట్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. క్వారీలో తూటాలు పేల్చే ముందు నీళ్ళు మోసే సుబ్బులు గంట కొట్టేది. మూడు దెబ్బలు కొట్టి ఆగేది, మళ్ళీ మూడు. అంటే పేలుడు ఉంది, అటు రావద్దని. స్కూల్లో అటెండర్ యోహాను కొట్టేవాడు. సాయంత్రం ఆగకుండా కొడితే అది లాంగ్ బెల్. అంటే ఇంటికి. ఊళ్ళో పసిపిల్లలకు కూడా ఆ తేడా తెలుసు. ఆగితే సుబ్బులు, ఆగకపోతే యోహాను.

ముప్ఫై ఏళ్ళ కిందట ఒక వానాకాలం మధ్యాహ్నం, వేళ కాని వేళ, గంట ఆగకుండా మోగింది.

తొమ్మిదో తరగతి పిల్లలు "లాంగ్ బెల్లోయ్!" అని కేకలు పెట్టి పరిగెత్తారు. అందరికంటే ముందు హరికృష్ణ. ఊళ్ళోకి అడ్డదారి క్వారీ అంచున పోతుంది. వాళ్ళమ్మ కోటమ్మ క్వారీలోనే కూలి. ముందుగా వదిలేశారని అమ్మకు చెప్పాలని వాడి ఆత్రం. వాడు అంచుకు చేరాడు. తూటా పేలింది. కొబ్బరికాయంత రాయి వచ్చి తగిలింది. ఆస్పత్రికి తీసుకుపోయే జీపు ఊరు దాటకముందే వాడి ప్రాణం పోయింది.

మర్నాడు స్కూలు వరండాలోనే విచారణ జరిగింది. లాంగ్ బెల్ ఎవరు కొట్టారు?

యోహాను చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. "నేనేనయ్యా. మబ్బు పట్టింది. పిల్లలు తడుస్తారని కొట్టాను."

విచారణ అక్కడితో ముగిసింది. క్వారీ మీద కేసు నిలవలేదు. యోహాను సస్పెండయ్యాడు. తర్వాత ఉద్యోగం తిరిగి వచ్చింది గానీ పాత పేరు రాలేదు. ఊళ్ళో అతను లాంగ్‌బెల్లు యోహాను అయ్యాడు. అంతకుముందు ప్రతి ఆదివారం చర్చిలో గంట కొట్టేది అతనే. సంఘ పెద్దలు ఆ తాడు కూడా అతని చేతిలోంచి తీసుకుని వేరేవాళ్ళకిచ్చారు. ఆ తర్వాత అతను చర్చిలో చివరి వరసలో కూర్చునేవాడు. గంట మోగినప్పుడల్లా తల దించుకునేవాడు.

బిడ్డల్ని ఆ మెట్ట మీదికి పంపడానికి తల్లులు ఒప్పుకోలేదు. హైస్కూలు రోడ్డు పక్కకు మారింది. పాత బిల్డింగు కొన్నాళ్ళు మిరపకాయల గోడౌనైంది. ఎన్నికలప్పుడు పోలింగు బూత్ అయింది. పైన బండలు పగిలాక మేకలకు వదిలేశారు. ఇప్పుడక్కడ వాటర్ ట్యాంకు కడతారు. సోమవారం పొక్లెయిన్ వస్తుంది. ఆదివారం పాత విద్యార్థులందరూ కలిసి ఆఖరిసారి చూసిపోదామని వాట్సాప్ గ్రూపులో అనుకున్నారు.

షెడ్డులో ఆ ముక్క చూశాక సువార్తకు అంతా అర్థమైంది. పిల్లలు విన్నది స్కూలు గంట కాదు, క్వారీ గంట. నాన్న యజమానికి భయపడి నేరం నెత్తిన వేసుకున్నాడు. ఆ యజమాని చచ్చి ఏళ్ళయింది. ఇంకా దేనికి భయం? యోహాను మంచం పట్టి ఉన్నాడు. ఎక్కువ రోజులు బతకడని డాక్టరు చెప్పేశాడు. ఆ పేరు ఆయనతో పాటు సమాధిలోకి పోకూడదు. ఆమెకు కావాల్సింది అదొక్కటే.

ఊరు మొత్తం విన్నా చాలదు. కోటమ్మ వినాలి.

*

కోటమ్మ సువార్త బస్సు ఎక్కదు. బస్సు ఆగినప్పుడు డోర్లో సువార్త కనబడితే వెనక్కి తిరిగి షెల్టర్లో కూర్చుంటుంది. తర్వాతి బస్సు ఎంత ఆలస్యమైనా సరే. కొడుకు పోయిన రెండేళ్ళకే మొగుడూ పోయాడు. ఒంటి మనిషి. మిరపకోతలకు పోతుంది. పొద్దున్నే వాకిలి ఊడుస్తూ యోహాను ఇంటి వైపు తిరిగి ఒక తిట్టు తిట్టి, అప్పుడు పొయ్యి వెలిగిస్తుందని ఇరుగుపొరుగు చెప్పుకుంటారు.

సువార్త కోటమ్మ గుమ్మం బయటే నిలబడింది.

"అత్తా, ఆదివారం పాత స్కూలు కాడికి రా."

కోటమ్మ చీపురు ఆపలేదు. "ఆ మెట్ట నేను ఎక్కను."

"హరికృష్ణ ఎందుకు పోయాడో నీకు తెలవాల."

"తెలుసు. మీ నాయన చేసిన పనికి."

"కాదత్తా. కాదని నీ చెవులకే వినిపిస్తా."

చీపురు ఆగింది. కోటమ్మ తల ఎత్తింది.

"వస్తా. నువ్వు చెప్పింది నిజం కాకపోతే ఇంకెప్పుడూ నా గుమ్మంలో నిలబడబాక."

*

ఆదివారం ఉదయం మెట్ట మీద జాతరలా ఉంది. నెరిసిన జుట్లు, పొట్టలు, సెల్ఫీలు.

"ఒరేయ్, నన్ను గోడకుర్చీ వేయించింది ఈ గోడ కాడే!"

"అందుకేరా ఆ గోడ ఒరిగిపోయింది!"

గ్రూపు నడిపే ప్రవీణ్ కుమార్ అందరికీ ఇడ్లీ పొట్లాలు పంచుతున్నాడు. నర్సరావుపేటలో సిమెంటు వ్యాపారం అతనిది. అప్పుడు తొమ్మిదో తరగతిలో హరికృష్ణ వెనకే పరిగెత్తినవాళ్ళలో అతనొకడు.

కోటమ్మ వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా వేపచెట్టు కింద బండ మీద కూర్చుంది. నవ్వులు కాస్త తగ్గాయి.

సువార్త ఏర్పాట్లన్నీ చేసుకుంది. వరండాలో స్కూలు పట్టా తుప్పు పట్టి ఇంకా వేలాడుతూనే ఉంది. ముందు దాన్ని తనే కొడుతుంది. తర్వాత విజిల్ వేస్తుంది. కింద క్వారీ అంచున తన ట్రాలీ ఆటోకు రెండో ముక్క వేలాడదీసి నాగూర్ వలి సిద్ధంగా ఉన్నాడు. విజిల్ వినబడగానే ఆగకుండా కొట్టాలి. కళ్ళు మూసుకుని వినమని అందరికీ చెబుతుంది. ఏది ఏ గంటో ఒక్కరు కూడా చెప్పలేరు. అంతే. మాటలు అక్కర్లేదు.

ఆఖరున యోహాను ఆటో వచ్చింది. సీట్లో దిండుకు ఆనుకుని, దుప్పటి కప్పుకుని, పిడికెడు మనిషి. బిల్డింగును చూశాడు. పట్టాను చూశాడు. ఆ తర్వాత అతని చూపు కిందికి, క్వారీ వైపు పోయింది. అక్కడే ఆగిపోయింది.

"ఆడ ఆ ట్రాలీకి ఏందే వేలాడతంది?"

సువార్త దగ్గరకు వంగి మెల్లగా చెప్పింది. "రెండో ముక్క నాయనా. దొరికింది. నువ్వు కొట్టలేదని ఇయ్యాళ అందరికీ తెలుస్తది."

ఆయన సంతోషిస్తాడనుకుంది. ఆయన చేయి దుప్పటిలోంచి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. అంత బలం ఆ చేతిలో ఇంకా ఉందని ఆమెకు తెలియదు.

"కొట్టొద్దను."

"ఎందుకు? ఆ యజమాని చచ్చిపోయాడు. ఇంకా ఎవరికి భయం?"

"వాడికా? వాడికి భయపడి చెప్పానా నేను?" ఊపిరి అందక ఆగాడు. "ఆ రోజు క్వారీ గంట కొట్టింది ఎవరో అడిగావా?"

"సుబ్బులు. ఎప్పుడూ సుబ్బులేగా."

"సుబ్బులు మూడు కొట్టి ఆగుతది. ఆ రోజు ఆగకుండా మోగింది. సుబ్బులుకు జొరం. పనిలోకి రాలా." ఆయన ఒక్కో మాటా కూడదీసుకుంటూ చెప్పాడు. "నీళ్ళు మోసేవాళ్ళే గంట కొట్టాల. వాళ్ళే అన్ని గుంటలూ తిరుగుతారు. యాడ ఎవరున్నారో వాళ్ళకే తెలుస్తది. ఆ రోజు సుబ్బులు బదులు ఇంకో మనిషికి బిందె ఇచ్చారు. వాన ముంచుకొస్తంది. మందు తడిస్తే పేలదని మేస్త్రి తొందర పెట్టాడు. ఆ పనికి కొత్త. మూడు కొట్టి ఆగాలని గుర్తులేదో, కంగారో, ఆపకుండా బాదింది."

"నీకెట్టా తెలుసు?"

"నేను ఈ వరండాలోనే ఉండా. నా చేతిలో సుత్తి లేదు. నా గంట మోగతందేందని దాని వంక చూశా. అది కదలడంలా. కిందికి చూశా."

"ఎవరు నాయనా?"

ఆయన కళ్ళు వేపచెట్టు వైపు తిరిగాయి. బండ మీద ముసలమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూస్తూ కూర్చుని ఉంది.

సువార్త కూడా అటు చూసింది. ఆటో కడ్డీ పట్టుకుంది.

"కోటమ్మక్క పిల్లోణ్ణి ఒళ్ళో ఏసుకోని అరిచింది. గంట కొట్టిందెవర్రా అని. బడి వదిలి నా బిడ్డను పంపిందెవర్రా అని. నువ్వు ఆ అరుపు ఇనలా." యోహాను కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. "ఏం చెప్పమంటావే? నువ్వే కొట్టావక్కా అని చెప్పమంటావా?"

"క్వారీలో ఇంకెవరూ..."

"ఆడ గంట రోజూ మోగేదే. నేనే కొట్టానని నేనే ఒప్పుకున్నాక ఇంకో గంట సంగతి ఎవరికి కావాల?"

"మరి నీ బతుకు?" ఆమె మణికట్టు లాక్కోబోయింది. "నా బతుకు? అందరూ నన్ను..."

"తెలుసమ్మా. నీకు అన్యాయం చేశా." ఆయన పట్టు సడలింది. "నాకు నువ్వుండావు. అక్కకు ఏముంది? నన్ను తిట్టుకోడం ఒక్కటే ఉంది. అది కూడా లాక్కుంటే పొద్దున్నే ఎట్టా లేస్తది?"

"ఏమమ్మా సువార్తా!" వరండాలోంచి ప్రవీణ్ కుమార్ కేక. "ఏదో వినిపిస్తానన్నావు! రా మరి. అందరం ఉండాం."

అందరూ తిరిగి చూశారు. కోటమ్మ బండ మీద నుంచి లేచింది.

సువార్త నడిచింది. వరండా మెట్లు ఎక్కింది. తల పైన స్కూలు పట్టా. కింద, దూరంగా, నాగూర్ వలి సుత్తి పైకెత్తి ఇటే చూస్తున్నాడు. ఆమె చేయి అలవాటుగా మెడలోని విజిల్ మీదికి పోయింది. నోట్లో పెట్టుకుంది.

ఒక్క ఊదు. తండ్రి మీద పడ్డ పేరు చెరిగిపోతుంది. ముప్ఫై ఏళ్ళుగా బస్సులో, బడిలో, పెళ్ళిచూపుల్లో, చర్చిలో విన్న ఆ పేరు. రెండు గంటలూ ఒకటేనని అందరికీ తెలుస్తుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు. మరి క్వారీలో కొట్టిందెవరు? ఊళ్ళో అలాంటి ప్రశ్నకు జవాబు దొరకడానికి ఒక పూట కూడా పట్టదు. అసలు అడిగేవాళ్ళు కూడా అక్కర్లేదు. ఆ మోత వినగానే కోటమ్మ చేతులకు గుర్తొస్తుంది.

కోటమ్మ వచ్చి మెట్ల కింద నిలబడింది.

"చెప్పు. ఏదో వినిపిస్తానన్నావు."

సువార్త విజిల్ నోట్లోంచి తీసేసింది.

"అత్తా... గంట కొట్టింది మా నాయనే."

ఒక్కసారిగా గుసగుసలు. "ఇది చెప్పడానికా ఇంత హడావుడి?" వెనక నుంచి ఎవరో అన్నారు.

కోటమ్మ ముఖం గట్టిపడింది. "అది తెలిసిందేగా. కాదని వినిపిస్తానంటివే?"

"కాదేమో అనుకున్నా. ఇప్పుడు మా నాయన్నే అడిగా. ఆయనే చెప్పాడు." ఆమె ఒక మెట్టు దిగింది. "తప్పయిపోయిందత్తా. ఆయన మెట్లెక్కి నీకు చెప్పలేడు. నేను చెబుతన్నా. మమ్మల్ని మన్నించు."

కోటమ్మ నేరుగా ఆటో దగ్గరకు నడిచింది. జనం పక్కకు తప్పుకున్నారు. ఆమె వంగి లోపలికి చూసింది. అన్నేళ్ళ తర్వాత ఆ ముఖాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. ఉమ్మేస్తుందేమోనని సువార్త పరిగెత్తింది.

"ఏందిరా, ఇంతే మిగిలావా?" అంది కోటమ్మ.

యోహాను చేతులు జోడించబోయాడు. అవి సగంలోనే వణికాయి.

"దించు," అంది ఆమె. "దించరా చేతులు." అని వెనక్కి తిరిగి, ఎవరి వంకా చూడకుండా మెట్ట దిగిపోయింది.

కాసేపటికి నాగూర్ వలి భుజం రుద్దుకుంటూ పైకొచ్చాడు. "విజిల్ వేస్తావని సుత్తి ఎత్తిపట్టుకోనే ఉంటిగా చెల్లెమ్మా! చేయి పడిపోయింది. ఏమైంది?"

"ఏం లేదన్నా. ఆ ముక్కను గుంటలో వెయ్యవా?"

"నీళ్ళలోనా? ఎంత మంచి ఇనుమో తెలుసా నీకు..." ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. కిందికి దిగి ముక్కను గొలుసు నుంచి విప్పాడు. పాత క్వారీ గుంటలో వాననీళ్ళు పచ్చగా నిండి ఉన్నాయి. ముక్క మునిగినప్పుడు పెద్ద శబ్దం కూడా రాలేదు.

సోమవారం పొక్లెయిన్ వచ్చింది. రాళ్ళు ఇంటికొక బండెడు వచ్చినట్టే, ఇంటికొక బండెడు వెళ్ళిపోయాయి. పశువుల కొట్టాలకు, గుమ్మాల ముందు పరవడానికి. స్కూలు పట్టాను పాత ఇనుము వాడు పట్టుకుపోయాడు.

*

యోహాను ఆ నెలలోనే పోయాడు. "లాంగ్‌బెల్లు యోహాను పోయాడంట," అని ఊరు చెప్పుకుంది. చర్చి గంట వేరే ఎవరో కొట్టారు.

సువార్త మళ్ళీ డ్యూటీ ఎక్కిన రోజు ఎర్రమెట్టపాలెం స్టేజీలో బస్సు ఆగింది. షెల్టర్లో కోటమ్మ ఉంది. డోర్లో సువార్తను చూసింది. లేచింది. వెనక్కి వెళ్ళలేదు. కడ్డీ పట్టుకుని బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది. ఆధార్ కార్డు తీసి చూపించింది.

"కారంపూడి."

సువార్త మిషన్లో జీరో టికెట్ కొట్టింది.

వెనక సీట్లోంచి ఒక గొంతు: "లాంగ్‌బెల్లు కూతురా, ఇటొకసారి రా. గురజాల రెండు."

"నోరు ముయ్యరా ఎదవా," కోటమ్మ తల తిప్పకుండానే అంది. "పోయినోణ్ణి ఇంకా పిలుస్తావేంది?"

"ఏమే," కోటమ్మ గొంతు తగ్గించింది. "మీ నాయన ఉండగానే ఒక మాట చెప్పాల్సింది. ఆ రోజు నోరు రాలా. కావాలని చేశాడా ఏంది? మబ్బు చూసి పిల్లలు తడుస్తారని కొట్టాడు. పోనీలే, నేను మన్నించాననుకో."

సువార్త ఆమె ముఖంలోకి చూడలేకపోయింది. ఆ ముసలి చేతులను చూసింది. ఒళ్ళో, ఒకదాని మీద ఒకటి, మిరపకోతలకు కాయలు కాచిన చేతులు.

"మంచిదత్తా," అంది.

టికెట్ ఆ చేతుల్లో పెట్టింది. గురజాల రెండు కొట్టింది. డోర్ దగ్గరకు వెళ్ళి రెండు విజిళ్ళు వేసింది. బస్సు కదిలింది.